లైసెన్సు తేలని పాత కోడ్: లింకు డాక్యుమెంట్ల దాకా వెళ్లి తేల్చుకోవడం ఎలా

స్థలం కొనేటప్పుడు మనవాళ్లు అమ్మేవాడి మాట నమ్మి అడ్వాన్సు చేతిలో పెట్టరు. లింకు డాక్యుమెంట్లు అడుగుతారు, ఈసీ తీయిస్తారు, మధ్యలో ఏ వాటాదారైనా సంతకం పెట్టకుండా మిగిలిపోయాడేమో ఆరా తీస్తారు. అదే మనిషి ముప్పై ఏళ్ల నాటి సీ భాష కోడ్ ఫైలును లైనక్స్ ప్యాకేజీలో పెట్టేటప్పుడు మాత్రం "అందరూ వాడుతున్నదేగా, ఏమవుతుంది" అనేస్తాడు.

ఏమవుతుందో చెప్పడానికి సన్ ఆర్‌పీసీ కోడ్ చాలు. ఒక మెషీన్‌లోని ప్రోగ్రాం నెట్‌వర్క్ మీద ఇంకో మెషీన్‌లోని ఫంక్షన్‌ను పిలవడానికి రాసినది అది. 1984 నాటి కాపీరైట్ నోటీసుతో సన్ మైక్రోసిస్టమ్స్ ఇచ్చిన ఈ కోడ్ గ్నూ సీ లైబ్రరీలోకి, అంటే జీలిబ్‌సీలోకి చేరింది. గ్నూ లైనక్స్ మెషీన్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆ లైబ్రరీ మీదే నిలబడుతుంది. ఫైళ్ల నెత్తిన ఉన్న నోటీసు చాలా ఉదారంగా మొదలవుతుంది: ఆంక్షలు లేకుండా వాడుకోవచ్చు, కాకపోతే ఈ నోటీసును టేపులన్నిటి మీదా ఉంచాలి. (టేపులు! కోడ్ వయసు ఆ ఒక్క మాటలోనే తెలిసిపోతుంది.) మెలిక తర్వాతి వాక్యంలో ఉంది. కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, కానీ వాడేవాడు తాను తయారుచేసిన ప్రోడక్టులోనో ప్రోగ్రాములోనో భాగంగా తప్ప ఇంకొకరికి పంచే అధికారం లేదు. అంటే ఆ ఫైలును విడిగా తీసి పక్కవాడికి ఇవ్వకూడదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కు అది కుదరదు. పాతికేళ్ల తర్వాత, 2009 ఫిబ్రవరిలో, సన్ దాన్ని మూడు క్లాజుల బీఎస్‌డీ అనే ఉదారమైన ఫ్రీ లైసెన్సుకు మార్చడానికి ఒప్పుకుంది. అప్పటికీ కొన్ని ఫైళ్లు మిగిలిపోయాయి. ఈలోపు సన్‌ను ఒరాకిల్ కొనేసింది. ఫెడోరా అనే లైనక్స్ డిస్ట్రిబ్యూషన్‌లో (ప్రోగ్రాములను ప్యాకేజీలుగా కట్టి పంచేదాన్నే అలా అంటారు) అప్పట్లో లైసెన్సుల పని చూసిన టామ్ కాలవే మళ్లీ వెంటపడితే, 2010 ఆగస్టులో ఒరాకిల్ తరఫున విమ్ కోకార్ట్స్ మిగతా ఫైళ్లకూ అనుమతి ఇచ్చారు.

మన ప్యాకేజీలో ఇంత పెద్ద చిక్కు ఉండకపోవచ్చు. కానీ విప్పే పద్ధతి ఇదే. డెబియన్ అనే మరో డిస్ట్రిబ్యూషన్ అలవాట్ల ప్రకారం చెబుతున్నాను, ఎందుకంటే నాకు చేతనైంది అదే. ఫెడోరా వాళ్లకైనా, ఇంకొకరికైనా పేర్లు మారతాయి గానీ పని మారదు. ఇది వకీలు సలహా కాదు, ప్యాకేజీ చూసుకునేవాడి అనుభవం.

1. ముందు ఫైలు ఫైలునా లెక్క తీయండి

పై డైరెక్టరీలో లైసెన్సు పాఠం ఉండే కాపీయింగ్ ఫైలు ఉంది, అందులో జీపీఎల్ (మార్చి పంచేవాళ్లూ అదే లైసెన్సులో ఇవ్వాలనేది) ఉంది, కాబట్టి అంతా జీపీఎల్ అనుకోవడం మొదటి తప్పు. ఆ ఫైలును పదేళ్ల తర్వాత ఎవరో తెచ్చి పెట్టి ఉండవచ్చు. కోడ్‌లో సగం అప్పటికే వేరేచోటి నుంచి వచ్చి ఉండవచ్చు.

డెబియన్‌లో లైసెన్స్‌చెక్ అనే టూల్ ఉంది. మొత్తం డైరెక్టరీ మీద నడిపితే ఏ ఫైలులో ఏ లైసెన్సు కనబడిందో, ఎవరి కాపీరైట్ ఉందో వరసగా చెబుతుంది. ఇంకా లోతుగా వెతకాలంటే స్కాన్‌కోడ్, టీమ్‌గా పెద్ద కోడ్ మీద పనిచేసేవాళ్లకు ఫాసాలజీ ఉన్నాయి. వీటి ఫలితాన్ని ఒక స్ప్రెడ్‌షీట్‌లో వేసుకోండి: ఫైలు పేరు, కాపీరైట్ ఎవరిది, ఏ సంవత్సరం, నోటీసులో ఉన్న మాటలు యథాతథంగా, మీ అనుమానం. ఐదు కాలమ్‌లు చాలు.

కానీ టూల్ చెప్పిందే వేదం కాదు. ఈ టూళ్లు తమకు తెలిసిన వాక్యాలతో పోల్చుకుంటాయి, లైసెన్స్‌చెక్ లాంటిది ఎక్కువగా ఫైలు పైభాగమే చూస్తుంది. పాత ప్రోగ్రామర్లు నోటీసును ఎక్కడ పడితే అక్కడ పెట్టేవారు. మ్యాన్ పేజీ చివర, రీడ్‌మీలో నాలుగో పేరాలో, ఒక్కోసారి కోడ్ లోపలే ఒక స్ట్రింగ్ రూపంలో. అందుకని ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్‌తో మళ్లీ ఒక చుట్టు తిరగండి. కాపీరైట్, పర్మిషన్, పబ్లిక్ డొమైన్, కమర్షియల్, ప్రాఫిట్, రిజర్వ్‌డ్, "తీసుకున్నది", "ఆధారంగా" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు అన్నీ వెతకండి. అడాప్టెడ్ ఫ్రమ్ అనే రెండు మాటలు పట్టించినన్ని దొంగలను ఏ స్కానరూ పట్టించదు.

కోడ్ కానివాటినీ వదలొద్దు. ఐకాన్లు, శబ్దాల ఫైళ్లు, ఫాంట్లు, టెస్టుల కోసం పెట్టిన నమూనా డాక్యుమెంట్లు, ప్రొటోకాల్ వివరించే ఆర్‌ఎఫ్‌సీ టెక్స్టులు. ఆర్‌ఎఫ్‌సీలు ఎవరైనా చదువుకోవచ్చు, పంచుకోవచ్చు, కానీ వాటిని మార్చి పంచే హక్కు మామూలుగా ఇవ్వరు. అందుకే ఫ్రీ సాఫ్ట్‌వేర్ మాత్రమే ఉండే డెబియన్ మెయిన్ విభాగంలో వాటికి చోటు లేదు. డాక్స్ డైరెక్టరీలో నిద్రపోతున్న ఒక ఆర్‌ఎఫ్‌సీ వల్ల ప్యాకేజీ మొత్తం వెనక్కి రావడం కొత్తేమీ కాదు.

2. నోటీసులో ఏముందో అక్షరం అక్షరం చదవండి

"ఆయన ఉద్దేశం అది కాదులే" అని మన మనసుకు తోచినట్టు చదివితే దెబ్బతింటాం. వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ల పైన్ అనే ఈమెయిల్ ప్రోగ్రాం సంగతి వినే ఉంటారు. దాని పాత లైసెన్సులో వాడుకోవడానికి, కాపీ చేయడానికి, మార్చడానికి, పంచడానికి అనుమతి ఉందని వరసగా రాసి ఉంది. ఎవరు చదివినా మార్చి పంచుకోవచ్చనే అనుకుంటారు. యూనివర్సిటీ మాత్రం మార్చుకోవచ్చన్నాం, పంచుకోవచ్చన్నాం, మార్చినదాన్ని పంచుకోవచ్చని అనలేదు అంది. అతితెలివి అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. అయినా హక్కుదారు స్వయంగా అలా అంటుంటే డిస్ట్రిబ్యూషన్లు వాదించి ఏం లాభం? పైన్‌ను పక్కన పెట్టాయి. ఆ గొడవ తీరింది దాని వారసుడు అల్పైన్, మార్చి పంచుకోనిచ్చే అపాచీ 2.0 లైసెన్సుతో వచ్చాకే.

మీరు చదివేటప్పుడు డెబియన్ ఫ్రీ సాఫ్ట్‌వేర్ గైడ్‌లైన్స్‌ను పక్కన పెట్టుకోండి. 1997లో ఆమోదించినవి, తొమ్మిదో పదో పాయింట్లు, ఒక పేజీ. పాత కోడ్‌కు వాటిలో నాలుగు ప్రశ్నలే ఎక్కువసార్లు తగులుతాయి: పంచవచ్చా, మార్చి పంచవచ్చా, అందరికీనా, ఏ పనికైనానా. చదువులకు, పరిశోధనకు మాత్రమే అన్న నోటీసు నాలుగో ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. ఈ సాఫ్ట్‌వేర్‌ను మంచికే వాడాలి, చెడుకు కాదు అన్న వాక్యం, జేసన్ అనే డేటా ఫార్మాట్ కోడ్‌తో వచ్చిన లైసెన్సులోది, కూడా అక్కడే ఆగింది. రాసినాయన సరదాగానే రాసి ఉండవచ్చు, కానీ లైసెన్సులో సరదా ఉండదు.

పాత ఫైళ్లలో తరచూ కనబడే మాటలను ఎలా అర్థం చేసుకోవాలో కొంచెం చెబుతాను.

ఏమీ రాయకపోతే: ఏ హక్కూ ఇవ్వలేదని అర్థం. ఫైలు నెట్‌లో దొరకడం అనుమతి కాదు. అమెరికాలో మాత్రం ఒక పాత మినహాయింపు ఉంది. ఆ దేశం కాపీరైట్ మీద అంతర్జాతీయ బెర్న్ ఒప్పందం అమల్లోకి తెచ్చుకున్నది 1989 మార్చి 1న. అంతకుముందు అక్కడ ప్రచురించినవాటికి కాపీరైట్ నోటీసు ఉండాల్సిందే, లేకపోతే హక్కు పోయే అవకాశం ఉండేది. 1978 తర్వాత వాటికి తప్పు సరిదిద్దుకునే గడువు కూడా ఉంది. కాబట్టి తేదీ ఒక్కటే చూసి తీర్మానించవద్దు, మీ స్ప్రెడ్‌షీట్‌లో ఒక ఆధారంగా మాత్రం రాసుకోండి.

పబ్లిక్ డొమైన్ అని రాసి పక్కనే కాపీరైట్ అని ఉంటే: రెండూ కలిసి నిలబడవు. రచయితకు ఆ మాట అర్థం తెలియక, ఊరికే ఇస్తున్నాను అనే భావంతో రాసి ఉంటాడు. అడగాల్సిందే.

అమెరికా ప్రభుత్వ ఉద్యోగి డ్యూటీలో భాగంగా రాసిన కోడ్ అయితే: అక్కడి చట్టం ప్రకారం దానికి కాపీరైట్ లేదు. నాసాలోనో, ప్రమాణాల సంస్థలోనో రాసిన పాత గణిత కోడ్‌కు ఇది పనికొస్తుంది. కాంట్రాక్టు మీద పనిచేసినవాళ్లకు ఇది వర్తించదు.

వెర్షన్ చెప్పకుండా ఊరికే జీపీఎల్ అని ఉంటే: కంగారు పడక్కర్లేదు. జీపీఎల్ వెర్షన్ 2లోని తొమ్మిదో సెక్షన్ ప్రకారం వెర్షన్ నంబరు చెప్పకపోతే ప్రచురించిన ఏ వెర్షనైనా ఎంచుకోవచ్చు.

నాలుగు క్లాజుల బీఎస్‌డీ కనబడితే: అందులో అదనంగా ఉన్నది ప్రకటనల్లో మా పేరు చెప్పాలన్న క్లాజు. కాలిఫోర్నియా యూనివర్సిటీ (బెర్క్‌లీ) 1999 జూలై 22న దాన్ని తమ కోడ్ నుంచి రద్దు చేసింది. తమ కోడ్ నుంచి మాత్రమే. అదే లైసెన్సును కాపీ కొట్టి తమ పేరు పెట్టుకున్న ఇతరుల ఫైళ్లలో ఆ క్లాజు ఇంకా బతికే ఉంది, జీపీఎల్ కోడ్‌తో కలిపితే గొడవే. నోటీసులో ఎవరి పేరుందో చూడకుండా బెర్క్‌లీ తీసేసిందిగా అనేవాళ్లు చాలామంది.

3. కోడ్ పుట్టిన చోటికి వెళ్లండి

ఇది నాకు ఇష్టమైన పని, ఒప్పుకుంటాను. వారాంతం మొత్తం తినేస్తుంది.

ముందు ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో చెప్పే గిట్ బ్లేమ్, గిట్ లాగ్ చూస్తాం. కానీ పాత ప్రాజెక్టుల గిట్ చరిత్ర అంతకు ముందు తరం టూల్ సీవీఎస్ నుంచి మార్చిందై ఉంటుంది. అందులో మొదటి కమిట్ ఎవరి పేరు మీద ఉంటే ఆయనే రాశాడనుకోవద్దు. దిగుమతి చేసినవాడు వేరు, రాసినవాడు వేరు. మొదటి దిగుమతి దగ్గర చరిత్ర ఆగిపోతే పాత టార్‌బాళ్ల (ఒక వెర్షన్ కోడ్ అంతా కట్టకట్టిన ఫైళ్ల) వేట మొదలుపెట్టాలి. డెబియన్ స్నాప్‌షాట్ ఆర్కైవులో పాత ప్యాకేజీల వెర్షన్లు తేదీలవారీగా దొరుకుతాయి. కోడ్ భద్రపరిచే సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ ఆర్కైవులో మూతపడిన సైట్లలోని కోడ్ కూడా ఉంటుంది. వెబ్‌కు ముందు నాటి చర్చా వేదిక యూజ్‌నెట్‌లో సోర్స్ కోడ్ పోస్టు చేసే గ్రూపుల పాత ఆర్కైవులు ఉన్నాయి. రచయిత కోడ్‌తో పాటు రాసిన ముందుమాట అక్కడే దొరుకుతుంది, ఫైల్లో లేని అనుమతి కొన్నిసార్లు అందులో ఉంటుంది.

వెతుకుతున్నది ఒక్కటే: ఈ ఫైలు మొట్టమొదట బయటికి వచ్చినప్పుడు దాని మీద ఏముంది? మధ్యలో నోటీసు పోయిందా, మారిందా? ఒక వెర్షన్‌లో ఉన్న నోటీసును తర్వాతివాడు ఫైలును శుభ్రం చేస్తూ కొట్టేసిన సందర్భాలు ఎన్నో. అలాంటిది దొరికితే పండగే. ఎవరినీ అడగక్కర్లేదు, పాత నోటీసును తిరిగి పెట్టేసి, ఎక్కడ దొరికిందో రాస్తే సరి.

దీనికి తిరగేసిన కేసు కూడా ఉంటుంది. ఎండీ5 అనే హాష్‌ను (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్యను) లెక్కించే కోడ్ చాలా పాత ప్యాకేజీల్లో ఉంటుంది. పేర్లు మార్చి, స్పేసులు మార్చి, కొత్త హెడర్ పెట్టి ఉన్నా, ఫంక్షన్ల వరసా మాక్రోల పేర్లూ చూస్తే అది ఆర్‌ఎఫ్‌సీ 1321లో ఆర్‌ఎస్‌ఏ సంస్థ ఇచ్చిన నమూనా కోడ్ అని తెలిసిపోతుంది. పైన ఏ లైసెన్సు రాసి ఉన్నా, కింద ఉన్నది ఆర్‌ఎస్‌ఏ కోడే. ఎదురుపడిన ప్రతి పాత హాష్ ఫైలునూ అనుమానంగా చూడటం నాకు అలా అలవాటైంది.

4. హక్కు ఎవరి చేతిలో ఉంది?

రాసినవాడే హక్కుదారు అనుకుంటాం. ఉద్యోగి తన పనిలో భాగంగా రాసిన కోడ్‌కు మొదటి హక్కుదారు యజమాని. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 చెప్పేదీ అదే, వేరే ఒప్పందం లేకపోతే. హైదరాబాదులో కంపెనీ జీతం మీద పనిచేస్తూ, కంపెనీ పని కోసమే రాసిన ప్యాచ్‌ను ఎవరైనా పంపితే, ఇరవై ఏళ్ల తర్వాత "నా కోడే, వాడుకోండి" అని ఆ మనిషి ఇచ్చే అనుమతి సరిపోకపోవచ్చు. అందుకని అడిగేటప్పుడు ఇది మీ సొంతంగా రాశారా, పనిలో భాగంగానా అన్నది కూడా మర్యాదగా అడగాలి.

కంపెనీ మూతపడి ఉంటే దాని ఆస్తులు ఎవరు కొన్నారో చూడాలి. సన్ కోడ్‌కు ఒరాకిల్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది అందుకే. రచయిత చనిపోయి ఉంటే వారసులు. మన దేశంలో రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఒక్క మనిషి కోడ్ ఈ శతాబ్దం మధ్యదాకా ఎవరిదో ఒకరిదే. వారసులకు రాసేటప్పుడు కోడ్, లైసెన్సు అనే మాటలతో మొదలుపెట్టకండి. వాళ్ల నాన్నగారు రాసినది ఇప్పటికీ వాడుతున్నారని ముందు చెప్పండి. మిగతాది ఆ తర్వాత.

పబ్లిక్ డొమైన్‌లో పడేస్తాను అనేవాళ్లకు మన చట్టంలో దారి ఉంది. సెక్షన్ 21 ప్రకారం రిజిస్ట్రార్‌కు నోటీసు ఇచ్చిగానీ, బహిరంగ ప్రకటన ద్వారాగానీ హక్కు వదులుకోవచ్చు. కానీ నేను ఎవరినీ అటు తోయను. కొన్ని దేశాల్లో అలా వదులుకోవడమే కుదరదు. అంత ఉదారులైతే దాదాపు షరతులు లేని సీసీ జీరో లేదా ఎంఐటీ లైసెన్సు చాలు.

5. మెయిల్ రాయడం

పని అంతా ఇక్కడే తేలుతుంది, లేదా చెడుతుంది. మొదట్లో నేను చెడగొట్టుకున్నది చెబుతాను. ఓ చిన్న ప్రోగ్రాం రచయితకు, "మీ కోడ్ డెబియన్‌లో పెట్టుకోవచ్చా?" అని రాశాను. "తప్పకుండా, సంతోషం" అని గంటలో జవాబు. ఎగిరి గంతేశాను. తర్వాత తెలిసింది, అది దేనికీ పనికిరాదని. గైడ్‌లైన్స్‌లో ఎనిమిదో పాయింటు ప్రకారం హక్కులు ఒక్క డెబియన్‌కే ఇస్తే చెల్లదు. అక్కడి నుంచి తీసుకుని ఇంకెవరు వాడుకున్నా అవే హక్కులు ఉండాలి. మళ్లీ రాశాను. ఆయనకు విసుగొచ్చింది, ఒకసారి చెప్పానుగా అన్నారు. మూడో మెయిల్ రాయడానికి నాకు మొహం చెల్లలేదు, వారం ఆగి రాశాను.

ఇప్పుడు నేను రాసే మెయిల్ ఇంచుమించు ఇలా ఉంటుంది. ఇంగ్లీషులోనే పంపుతాను గానీ సారాంశం ఇది:

"నమస్కారం. మీరు రాసిన ఫలానా ప్రోగ్రాం 1.2 వెర్షన్‌ను నేను ప్యాకేజీగా చూసుకుంటున్నాను. దీన్ని ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు, మీకు థ్యాంక్స్. అందులో హాష్ డాట్ సీ, హాష్ డాట్ హెచ్ అనే రెండు ఫైళ్ల మీద మీ పేరు, 1993 అనే సంవత్సరం ఉన్నాయి. లైసెన్సు మాత్రం లేదు. ఈ రెండింటినీ ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా, పంచుకునేలా కింద జతచేసిన ఎంఐటీ లైసెన్సు కింద ఇవ్వడం మీకు ఇష్టమేనా? ఇష్టమైతే కింది వాక్యాన్ని మీ జవాబులో పెట్టి పంపితే చాలు: 'ఈ రెండు ఫైళ్లూ పూర్తిగా నేనే రాశాను, వాటి హక్కు నాదే, పాత వెర్షన్లతో సహా వాటిని ఎంఐటీ లైసెన్సు కింద ఇస్తున్నాను.' వేరే లైసెన్సు కావాలన్నా సరే. హక్కు మీ అప్పటి యజమానిదైతే ఎవరిని అడగాలో చెప్పగలరా? మీ జవాబును ప్యాకేజీ రికార్డులో అందరికీ కనబడేలా పెట్టవచ్చా?"

దీనిలో ప్రతి ముక్కకూ కారణం ఉంది. ఫైళ్ల పేర్లు చెప్పకపోతే ఆయన వేరే దాని గురించి జవాబిస్తారు. లైసెన్సు మీరే సూచించకపోతే "మీ ఇష్టం, ఏదైనా చేసుకోండి" అంటారు, అది మళ్లీ మసక మాటే. పాత వెర్షన్లతో సహా అనకపోతే నిన్నటి టార్‌బాల్ సంగతి తేలదు. ఒకటే ప్రశ్న, ఒకటే వాక్యం. జీపీఎల్ గొప్పతనం మీద ఉపన్యాసం అక్కర్లేదు. వీలైతే లైసెన్సు ఎంపికలో పట్టు పట్టకండి, ఇప్పటికే ఆ ప్యాకేజీకి ఉన్న లైసెన్సుతో కలిసేది ఏదైనా మంచిదే.

పాత అడ్రసుకు పంపితే బౌన్స్ అవుతుంది, అది ఖాయం. తర్వాతి పరిశోధన పత్రాల్లో, కొత్త ప్రాజెక్టుల కమిట్లలో, యూనివర్సిటీ పేజీల్లో కొత్త అడ్రసు దొరుకుతుంది. ఆయనతో కలిసి పనిచేసినవాళ్లను మీ మెయిల్ ఆయనకు ఫార్వర్డ్ చేయమని అడగండి, ఆయన నంబరు ఇవ్వమని కాదు. మూడు వారాలు ఆగి ఒకసారి గుర్తుచేయండి, ఇంకో నెలకు మరోసారి. ఆ తర్వాత వదిలేయండి. ఇంటికి ఫోన్లు చేసే స్థాయికి వెళ్లొద్దు.

మౌనం అర్ధాంగీకారం అనే సామెత ఇక్కడ పనికిరాదు. నెట్ సంభాషణలను రహస్యంగా ఉంచే కోడ్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లు 2017లో అపాచీ లైసెన్సుకు మారదామని, కోడ్ రాసిన అందరికీ మెయిళ్లు పంపుతూ, జవాబు రాకపోతే అభ్యంతరం లేదనుకుంటాం అన్నారు. దాని మీద పెద్ద రభస జరిగింది. మారిన లైసెన్సుతో 3.0 వెర్షన్ వచ్చేసరికి 2021 అయింది. వీఎల్‌సీ వాళ్ల పద్ధతి నాకు నచ్చుతుంది. 2011లో లైబ్రరీ మూల భాగాన్ని, 2012లో మాడ్యూళ్లలో చాలావాటిని జీపీఎల్ నుంచి కాస్త సడలించిన ఎల్‌జీపీఎల్‌కు మార్చడానికి వందలమందిని ఒక్కొక్కరినీ వెతికి అడిగారు. కుదరని మాడ్యూళ్లను జీపీఎల్‌లోనే ఉంచేశారు.

మెయిల్ జవాబు రాతపూర్వకం కిందికి వస్తుందా అని కొందరు టెన్షన్ పడతారు. మన దేశంలో లైసెన్సు రాతలో ఉండాలి, నిజమే. కానీ ఐటీ చట్టం 2000, సెక్షన్ 4 ప్రకారం, తర్వాత తీసి చూసుకోగలిగేలా ఉన్న ఎలక్ట్రానిక్ రికార్డు రాతతో సమానమే. కాబట్టి మెయిల్‌ను హెడర్లతో సహా పూర్తిగా భద్రపరచండి. స్క్రీన్‌షాట్ కాదు.

6. అనుమతి వచ్చాక

సంబరపడి పాత నోటీసును మీరే కొట్టేయకండి. నోటీసును మార్చే హక్కు హక్కుదారుది. ఆయనే అప్‌స్ట్రీమ్‌లో, అంటే అసలు ప్రాజెక్టులో, కమిట్ చేస్తే అంతకన్నా మేలు లేదు. లేకపోతే మెయిల్ పాఠాన్ని సోర్స్‌లోనే ఒక ఫైలుగా చేర్చమని అప్‌స్ట్రీమ్‌ను అడగండి. రెండూ కుదరకపోతే ఏ ఫైలుకు ఏ లైసెన్సో రాసే డెబియన్ కాపీరైట్ ఫైల్లో ఆ ఫైళ్లకు విడిగా ఒక పేరా పెట్టి, కామెంట్ అన్న చోట ఎవరు, ఏ తేదీన, ఏ ఫైళ్లకు, ఏ మాటలతో అనుమతి ఇచ్చారో యథాతథంగా రాయండి. ఆయన ఒప్పుకోకుండా ఈమెయిల్ అడ్రసు మాత్రం బయటపెట్టొద్దు.

ఇదే కోడ్ ఇంకెక్కడెక్కడ ఉందో ఇప్పుడే వెతకండి. డెబియన్ కోడ్ సెర్చ్‌లో ఆ ఫైలులోని ఒక విచిత్రమైన వాక్యం వేస్తే మిగతా కాపీలు బయటపడతాయి. సన్ కేసులో 2010లో మళ్లీ అడగాల్సి వచ్చింది సరిగ్గా ఇలా కాపీలు మిగిలిపోవడం వల్లే. జీలిబ్‌సీలోనే కాక కెర్బెరోస్ 5, నెట్‌కిట్ ఆర్‌యూజర్స్ లాంటి ప్యాకేజీల్లోనూ అదే నోటీసు ఉన్న ఫైళ్లు ఉండేవి.

అప్‌స్ట్రీమ్ ఒప్పుకుంటే ప్రతి ఫైలు పైనా లైసెన్సు పేరు చెప్పే ఎస్‌పీడీఎక్స్ గుర్తింపు లైను ఒకటి పెట్టించండి. లైనక్స్ కెర్నెల్ 2017 నవంబరులో వచ్చిన 4.14తో ఈ పని మొదలుపెట్టినప్పుడు, ఒక్క లైసెన్సు మాట కూడా లేని ఫైళ్లు 11,000కు పైగా తేలాయి. వాటికి మొత్తం కెర్నెల్ లైసెన్సే వర్తిస్తుందని తేల్చి గుర్తింపు పెట్టారు. అంత పెద్ద ప్రాజెక్టులోనే అన్ని ఉంటే మనవాటి సంగతి చెప్పేదేముంది.

7. కాదన్నా, జవాబు రాకపోయినా

మొదట ఆ ఫైలు నిజంగా అవసరమా అని చూడండి. సగం సార్లు అవసరం ఉండదు. 1990ల్లో సిస్టమ్‌లో లేదని జతచేసిన ఫంక్షన్ ఇప్పుడు ప్రతి సీ లైబ్రరీలోనూ ఉంటుంది. అప్పుడు తీసేయడమే.

అవసరమైతే మరొకటి పెట్టండి. ఎండీ5కు అలెగ్జాండర్ పెస్ల్యాక్ రాసి పబ్లిక్ డొమైన్‌లో ఇచ్చిన కోడ్ ఉంది, ఎల్. పీటర్ డాయిచ్ రాసింది మరొకటి ఉంది. మంచి సాయంత్రం ఒకటి చాలు మార్చడానికి. టెస్టు వెక్టర్లు (ఏ ఇన్‌పుట్‌కు ఏ ఫలితం రావాలో చెప్పే జాబితా) ఆర్‌ఎఫ్‌సీలోనే ఉన్నాయి, ఫలితం సరిపోతుందో లేదో వెంటనే తెలుస్తుంది.

దొరకకపోతే కొత్తగా రాయాలి. పాత ఫైలు చదివిన మనిషి రాయకూడదు. ఒకరు పాతది చదివి అది ఏం చేస్తుందో మామూలు మాటల్లో రాసి ఇవ్వాలి, కోడ్ చూపించకూడదు. ఇంకొకరు దాన్ని బట్టి రాయాలి. ఇద్దరు మనుషులు లేని చిన్న ప్రాజెక్టుల్లో ఇది కష్టమే, ఒక స్నేహితుణ్ని బతిమాలుకోవాల్సి వస్తుంది.

తీసేసినప్పుడు ప్యాచ్‌తో తీస్తే సరిపోదు, ఎందుకంటే సోర్స్ టార్‌బాల్ కూడా మనమే పంచుతున్నాం. డెబియన్ కాపీరైట్ ఫైల్లో ఫైల్స్-ఎక్స్‌క్లూడెడ్ అనే చోట ఆ పేర్లు రాస్తే, యూస్కాన్ అనే టూల్ కొత్త టార్‌బాల్ దించేటప్పుడే వాటిని తీసేసి మళ్లీ కడుతుంది. వెర్షన్ చివర ప్లస్ డీఎఫ్‌ఎస్‌జీ (పైన చెప్పిన గైడ్‌లైన్స్ పేరు పొడి అక్షరాలు) అని చేర్చండి, చూసినవాళ్లకు ఇది అప్‌స్ట్రీమ్ ఇచ్చినట్టే లేదని తెలుస్తుంది. ఫ్రీ కానివాటికి డెబియన్‌లో ఉన్న నాన్-ఫ్రీ విభాగం కూడా ఒక దారే, కానీ దానికైనా కనీసం పంచే హక్కు ఉండాలి. ఏ నోటీసూ లేని ఫైలు అక్కడికీ పోదు.

ఫాంట్ల గురించి ఒక మాట

తెలుగు ప్యాకేజీలు చూసేవాళ్లకు ఇది తప్పదు. ఫాంటు కూడా సాఫ్ట్‌వేరే, దాని లైసెన్సూ ఇలాగే తేల్చాలి. ఫాంటు ఉత్త జీపీఎల్‌లో ఉంటే దాన్ని పీడీఎఫ్‌లో ఎంబెడ్ చేసినప్పుడు ఆ డాక్యుమెంటుకూ జీపీఎల్ వర్తిస్తుందా అనే ప్రశ్న వస్తుంది. దాన్ని తప్పించడానికే ఫాంట్ ఎక్సెప్షన్ అని ఒక పేరా జతచేస్తారు. పోతన, వేమన ఫాంట్ల ప్యాకేజీలలో అలాంటి మినహాయింపు కనబడుతుంది. లోహిత్ ఫాంట్లను, వాటిలో లోహిత్ తెలుగును కూడా, రెడ్ హ్యాట్ 2011లో జీపీఎల్ నుంచి ఓపెన్ ఫాంట్ లైసెన్సుకు మార్చింది. పాత సీడీల నుంచీ, మూతపడిన సైట్ల నుంచీ తెచ్చిన తెలుగు ఫాంట్ల విషయంలో ఫైలు లోపల ఉండే నేమ్ టేబుల్ తెరిచి చూడండి. కాపీరైట్, లైసెన్సు వివరణ అనే రెండు ఖానాలు అక్కడ ఉంటాయి. రీడ్‌మీలో ఉచితం అని ఉండి, ఆ ఖానాలో సర్వహక్కులు అని ఉన్నవి చూశాను. అప్పుడు మళ్లీ అయిదో మెట్టుకే, మెయిల్ రాయడానికే.

అప్‌స్ట్రీమ్ నుంచి కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ స్ప్రెడ్‌షీట్ అంతా మళ్లీ చేయనక్కర్లేదు. పాత టార్‌బాల్ మీద లైసెన్స్‌చెక్ ఫలితాన్నీ, కొత్తదాని మీద వచ్చినదాన్నీ డిఫ్ చేయండి. తేడా వచ్చిన లైన్లు మాత్రం చదివితే పది నిమిషాల్లో అయిపోతుంది.